పిల్లలు బడిలో ఉండగానే పైకప్పు విప్పాం – నా అనుభవం

తిరుపతి నుంచి పుత్తూరు వెళ్లే దారిలో ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. నాలుగు వందలకు పైగా పిల్లలు, అందులో సగానికి మించి ఆడపిల్లలు. 2024 జూలైలో శ్లాబు పెచ్చు ఊడిన రోజు నుంచి 2025 జనవరి చివర గదులు మళ్లీ చేతికొచ్చేదాకా మా బడి నడుస్తూనే ఉంది, పనీ నడుస్తూనే ఉంది. ఇలాంటి పని నెత్తికెత్తుకోబోయే తోటి హెచ్.ఎం.లకు, పేరెంట్స్ కమిటీల వాళ్లకు ముందే తెలియాలని ఇది రాస్తున్నాను. అన్నిటికంటే ముందు ఒక్క సంగతి. సిమెంటుకు, కమ్మీలకు, కూలికి ఎస్టిమేట్‌లో లెక్క ఉంటుంది. పని జరుగుతున్నన్నాళ్లు పిల్లల్ని భద్రంగా ఉంచడానికి అయ్యే ఖర్చుకు మాత్రం అందులో ఒక్క గీత కూడా ఉండదు. అడిగి రాయించుకోవాలి.

జూలై మూడో వారంలో ఒక సోమవారం. అంతకు ముందు రెండు రాత్రులూ వాన పడింది. పొద్దున గదుల తాళాలు తీస్తున్న ఆయమ్మ పరుగున వచ్చి, "మేడమ్, ఎనిమిదో తరగతిలో పైన ఊడిపడింది" అంది. వెళ్లి చూస్తే రెండో బెంచీ మీద మూరెడు పొడవు కాంక్రీటు పెచ్చు. బెంచీ చెక్క పగిలిపోయింది. పైన ఎర్రగా తుప్పు పట్టిన కమ్మీలు బయటపడి ఉన్నాయి. తొమ్మిదింటికి ఆ బెంచీలో ముగ్గురు అమ్మాయిలు కూర్చుంటారు. వాళ్లు అప్పటికి ఊళ్లో ఇంకా జడలు వేయించుకుంటూ ఉండి ఉంటారు. ఆ రోజంతా నాకు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆ వరుసలో ఉన్న నాలుగు గదులకూ వెంటనే తాళం వేశాను. ఫొటోలు తీసి మండల విద్యాధికారి ఎంఈఓ గారికి, ఇంజనీరింగ్ విభాగం అసిస్టెంట్ ఇంజనీరు ఏఈ గారికి పంపాను. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. మర్నాడు కొందరు తల్లిదండ్రులు వచ్చి టీసీ ఇచ్చేయమన్నారు. వాళ్లను తప్పుపట్టలేను, నా బిడ్డే ఆ గదిలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. తాళం వేసిన గదుల్లోకి వాళ్లనే తీసుకెళ్లి గుమ్మంలోంచి చూపించాను. దాచిపెట్టలేదని తెలిశాక చాలామంది శాంతించారు.

ఏఈ గారు వారం లోపే వచ్చారు. నిచ్చెన ఎక్కి చిన్న సుత్తితో శ్లాబు అడుగున జానెడు జానెడు తడుతూ పోయారు. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, లోపల విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. మోగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. మూడు గదుల్లో అక్కడక్కడ గీతలు, నాలుగో గదిలో శ్లాబంతా గీతలే. మేడ మీది వాననీళ్ల గొట్టం వేపాకులతో పూడిపోయి ఏళ్ల తరబడి నీళ్లు అక్కడే నిలిచాయట. కమ్మీల కింద కాంక్రీటు మందం అర అంగుళం కూడా లేదు. నీళ్లు దిగి కమ్మీ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బే పెచ్చును కిందికి నెడుతుంది. మూడు గదులకు ఊడిన భాగం చెక్కి, కమ్మీలు శుభ్రం చేసి మరమ్మతు చేయవచ్చు, నాలుగోదానికి శ్లాబు తీసేసి కొత్తగా పోయాల్సిందే అని తేల్చారు. ఎలాగూ పని పెట్టుకుంటున్నాం కాబట్టి వైరింగు, ఆడపిల్లల బాత్రూములు కూడా ఇందులోనే కలపమని నేను పట్టుబట్టాను.

ఇక డబ్బు. మా సంఖ్య ఉన్న బడికి ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు 75,000 రూపాయలు. సుద్దముక్కల నుంచి కరెంటు బిల్లుదాకా అన్నీ అందులోంచే. ఎస్టిమేటు తొమ్మిదిన్నర లక్షలు దాటింది. ఆగస్టు 8న రాష్ట్రమంతా జరిగిన బడి యాజమాన్య (పేరెంట్స్) కమిటీ ఎన్నికల్లో మాకు కొత్త చైర్మన్ వచ్చారు, మామిడి మండీలో పనిచేసే ఆయన. మొదటి మీటింగులోనే తీర్మానం రాశాం. మా బడిలో 1999లో పదో తరగతి చదివిన బ్యాచ్ వాళ్లు ఆరు లక్షలు పోగుచేశారు. ఒక క్రషర్ యజమాని కంకర, రాతి ఇసుక ఉచితంగా ఇస్తానన్నారు. మిగతాది దాతల దగ్గర కొంత, టీచర్లం కొంత. డబ్బు మాట వారాల్లో తేలింది గానీ అనుమతి కాగితానికి ఐదారు వారాలు పట్టింది. తీర్మానం, ఎస్టిమేటు, గదుల ఫొటోలు, దాతల లేఖలు అన్నీ ఒకే ఫైలుగా ఇవ్వండి. మాకు దాతల లేఖ లేదని ఫైలు ఒకసారి వెనక్కి వచ్చి, దానికే పది రోజులకు పైగా పోయాయి.

ఈలోపు నాలుగు గదుల పిల్లలు ఎక్కడ కూర్చోవాలి? వరండాలో వద్దన్నారు ఏఈ గారు, వరండా కప్పు కూడా అదే శ్లాబుకు కొనసాగింపు. వేపచెట్టు కింద పది గంటల తర్వాత ఎండ. చివరికి రోడ్డుకు అవతల ఉన్న భజన మందిరం పెద్దలు ఒప్పుకున్నారు. చెప్పులు బయట విడవాలి, లోపల కోడిగుడ్డు తినకూడదు అన్నవి వాళ్ల షరతులు. సబబుగానే ఉన్నాయి. కానీ మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది కదా. అందుకని అక్కడి పిల్లలంతా భోజనానికి రోడ్డు దాటి బడికి రావడం, తిని మళ్లీ వెళ్లడం. ఆ రోడ్డు మీద ఇసుక ట్రాక్టర్లు తిరుగుతాయి. పీఈటీ సార్, ఆయమ్మ ఇద్దరూ అటొకరు ఇటొకరు నిలబడి ట్రాక్టర్లు ఆపి దాటించేవారు. ఒక్క పూట కూడా వాళ్లు మానలేదు. ఈ పని ఏ రికార్డులోనూ ఉండదు.

చప్పుడు చేసే పనంతా దసరా సెలవుల్లో అయిపోవాలని అనుకున్నాం. అక్టోబరు 3 నుంచి 13 దాకా సెలవులు. కాంట్రాక్టరు సరేనన్నాడు. తీరా చూస్తే మనుషులు దిగేసరికి సెలవుల్లో సగం అయిపోయింది, అందులోనూ ఆయుధపూజకు, విజయదశమికి వాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. పండగ సెలవులు మనకే కాదు, బేల్దారులకూ ఉంటాయి. సెలవుల్లో పని అనుకునేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. నాలుగో గది శ్లాబు పగలగొట్టడం మాత్రమే పూర్తయింది. పెచ్చులు చెక్కే పని మొత్తం మిగిలిపోయింది.

సెలవులు అయి బడి తెరిచీ తెరవగానే వాన. అక్టోబరు 17న చెన్నైకి ఉత్తరాన తీరం దాటిన వాయుగుండం మమ్మల్ని ముందునుంచే తడిపేసింది. కప్పు లేని గదిలో నీళ్లు నిలిచి పక్క గోడకు దిగాయి. ఆ గోడలోంచే స్టాఫ్ రూముకు కరెంటు తీగ. హిందీ మేడమ్ స్విచ్చు వేస్తే చేయి జిల్లుమంది. వెంటనే మెయిన్ ఆపేశాం. మెయిన్ ఆపితే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్లు లేవు, నీళ్లు లేకపోతే వంట లేదు, బాత్రూము లేదు. ఆ రోజు పక్కింటి రైతు తన బోరు నుంచి పైపు వేసి మా ట్యాంకు నింపాడు. తర్వాత ఎలక్ట్రీషియన్ పని జరిగే వరుసను మిగతా బడి నుంచి విడదీసి, మోటారుకు, వంటగదికి వేరే బోర్డు పెట్టి, కరెంటు లీకైతే తనంతట తనే ఆగిపోయే ఈఎల్‌సీబీ బిగించాడు. మూడు నాలుగు వేలతో పోయే పని అది. గోడలో మొదటి సమ్మెట దెబ్బ పడకముందే చేయించాల్సిన పని కూడా అదే.

బడి నడుస్తుండగా పెచ్చులు చెక్కక తప్పలేదు కాబట్టి మేస్త్రీతో కూర్చుని మా టైమ్‌టేబుల్ ఆయన చేతికిచ్చాను. మిషన్ చప్పుడు పొద్దున ఏడు నుంచి పావు తక్కువ తొమ్మిదిదాకా, సాయంత్రం నాలుగుంపావు తర్వాత, ఆదివారాలు. మధ్యలో పూత, బ్రష్షు, తడిపే పని మాత్రమే. ప్రేయరు, ఇంటర్వెల్, భోజనం, లాంగ్ బెల్ వేళల్లో లారీ గానీ ట్రాక్టరు గానీ కదలకూడదు. మొదట్లో మేస్త్రీ, "మేడమ్, ఇట్లయితే కూలి గిట్టేది ఎట్ల?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. పొద్దున ఏడింటికి వచ్చే కూలీలకు టిఫిను మేము పెడతామని, పని సాగిన రోజులకు కొంత ఎక్కువ ఇస్తామని ఒప్పందం రాసుకున్నాం. వారం తిరిగేసరికి ఆయనే బెల్లు వినగానే, "ఆపండ్రా, పిలకాయలొస్తా ఉండారు" అని కేక వేసేవాడు. ఆ మేస్త్రీ అంటే నాకు ఎంతో గౌరవం.

అడ్డుగోడ సంగతి. మొదట కాంట్రాక్టరు టమాటా నర్సరీలకు వాడే ఆకుపచ్చ షేడ్ నెట్టు కట్టాడు. ఆరో తరగతి పిల్లలు రెండో రోజే బంతి కోసం దాని కింద దూరారు. దుమ్ము కూడా ఆగలేదు. నెట్టు తీయించి ఆరడుగుల జింకు రేకులు కర్రలకు బిగించి నిలబెట్టించాం. రేకుల అంచులు కోస్తాయి, వాటికి పాత సైకిల్ ట్యూబులు చీల్చి తొడిగించాను. కంకర, ఇసుక బండ్లు పిల్లల గేటులోంచి రాకుండా వెనక ప్రహరీ కొంత విప్పి వేరే దారి పెట్టాం. అందరూ పైనుంచి పడే రాళ్లకు భయపడతారు గానీ, నన్ను నిద్రపోనివ్వనిది వెనక్కి వచ్చే టిప్పరు. వెనక్కి నడిపేటప్పుడు డ్రైవరుకు చిన్న పిల్లలు కనిపించరు.

ఇంకొకటి, కిటికీ గ్రిల్లుల వెల్డింగు. ఒక మధ్యాహ్నం వంటగది గోడ పక్కనే, చుట్టచుట్టిన షేడ్ నెట్టుకు రెండు బారల దూరంలో, వెల్డింగు మొదలుపెట్టారు. నిప్పురవ్వలు చూడగానే నాకు కుంభకోణం గుర్తొచ్చింది. 2004 జూలై 16న ఆ బడిలో వంటశాల నిప్పు తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్ని. పని ఆపించి, గ్రిల్లులన్నీ పుత్తూరులో షాపులోనే వెల్డింగు చేసి తెచ్చి ఇక్కడ బిగించేలా మార్పించాను. రవాణా ఖర్చు పెరిగింది. పెరిగితే పెరిగింది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా దుమ్ము వచ్చింది. కాంక్రీటు చెక్కితే లేచే దుమ్ము పౌడరులా సన్నగా ఉంటుంది, గంటల తరబడి గాల్లోనే ఆడుతుంది. మధ్యాహ్నం కంచాల మీద వేలితో గీస్తే గీత పడేది. వంట చేసే అక్క, "కూరలో దుమ్ము పడితే తల్లులకు నేనేం జవాబు చెప్పేది మేడమ్?" అని తనే కిటికీలకు పాలిథిన్ కవర్లు కట్టి, వడ్డన బడికి ఆ చివరకు మార్చింది. ఏడో తరగతిలో ఉబ్బసం ఉన్న ఒక పాప ఉంది. ఒక రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసి, "మేడమ్, సాయంత్రం నుంచి ఒకటే ఎగదన్నుతా ఉంది, రుయా ఆసుపత్రికి తీసుకుపోతా ఉండాం" అంది. ఆ రాత్రి నేను పడుకోలేదు. నెబ్యులైజర్ పెట్టి తెల్లవారి పంపించేశారు, పాప బాగానే ఉంది. ఆ పాప సెక్షనును మర్నాడే గాలి వాలుకు ఎదురుగా ఉన్న చివరి గదికి మార్చాం. చెక్కే ముందు శ్లాబును తడపడం, రేకుల లోపల తడి గోనెపట్టలు వేలాడదీయడం, గదులు చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవడం అప్పటినుంచి నిబంధన చేశాం. ఉబ్బసం, ఫిట్స్ లాంటివి ఉన్న పిల్లల పేర్లు పని మొదలయ్యే ముందే క్లాస్ టీచర్ల దగ్గర రాసిపెట్టుకోండి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది బాత్రూముల విషయం. పాతవి పగలగొట్టేటప్పుడు, మూడు వారాల్లో అయిపోతుంది, అప్పటిదాకా పక్కన మిగిలిన మూడు సీట్లతో సర్దుకోవచ్చు అన్నాడు కాంట్రాక్టరు. బడుల మరుగుదొడ్ల ప్రమాణం ప్రకారం నలభై మంది పిల్లలకు ఒక టాయిలెట్, మూడు యూరినల్స్ ఉండాలి. మాకు రెండు వందల ముప్పై మంది ఆడపిల్లలు. ఇది కుదరదని కమిటీలో వాదించాను. వారం చూద్దామన్నారు.

ఆ వారంలో సైన్సు మేడమ్ ఒకటి గమనించింది. ఆడపిల్లల సీసాల్లో పొద్దున నింపుకొచ్చిన నీళ్లు సాయంత్రం అట్లే ఉంటున్నాయి. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయిని అడిగితే, "తాగితే పోవాల్సొస్తాది కదా మేడమ్, లైన్లో నిలబడేసరికి బెల్లు కొడతారు" అంది. కొందరికి తలనొప్పి, ఒకరిద్దరికి మూత్రంలో మంట. నెలసరి రోజుల్లో బడి మానేసినవాళ్లు ఎందరో అటెండెన్సు చూస్తే తెలిసింది. నా ముందుకు వచ్చి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆడపిల్లలు ఈ విషయం వచ్చి చెప్పరు, మనమే వెళ్లి అడగాలి.

ఆ సాయంత్రమే చైర్మన్ గారిని పిలిచి ఆ సీసాలు చూపించాను. ఆయనకూ ఇద్దరు ఆడపిల్లలు. ఆయన ఇంకేం మాట్లాడలేదు. రెండు రోజుల్లో సిమెంటు వరలు దింపించి, రేకులతో నాలుగు తాత్కాలిక బాత్రూములు కట్టించాడు. తలుపులకు లోపల గడియ, బకెట్టు, మూత ఉన్న చెత్తబుట్ట, వెలుతురు. దాదాపు నలభై వేలు అయింది. ఇంటర్వెల్ కూడా క్లాసుల వారీగా విడదీశాం. మూడు వారాలన్న పని టైల్సు రాక, ప్లంబరు రాక ఆరు వారాలు దాటింది. ఆ తాత్కాలికవి లేకపోతే ఆ ఆరు వారాలు ఏమయ్యేవో ఊహించలేను. పాతవి పగలగొట్టే ముందే తాత్కాలికవి నిలబడి ఉండాలి. ఇందులో బేరం లేదు.

నాలుగో గది కొత్త శ్లాబు నవంబరు 10, ఆదివారం పోశాం. పిల్లలు ఉండరని ఆదివారం ఎంచుకున్నాం. తెల్లవారుజామున మిక్సర్ తిరగడం మొదలై మధ్యాహ్నానికి అయిపోయింది. ఊళ్లో సగం మంది వచ్చి నిలబడ్డారు. ఆ తర్వాత ఎదురుచూపు. అంత వెడల్పు శ్లాబుకు కింది ఆధారాలు కనీసం రెండు వారాలు ఉంచాలని, దూలాలకు మూడు వారాలు కావాలని ఏఈ గారు కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం నాకు ఎంత పనికొచ్చిందో చెప్పలేను. ఎందుకంటే డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగు. ఆ రోజుకు కొత్త గదిలో పిల్లల్ని కూర్చోబెట్టి చూపిద్దామని చాలామంది ఒత్తిడి చేశారు. ఈలోపు నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటి మాకూ ముసురు పట్టించింది. గోడలు తడిగానే ఉన్నాయి, ప్లాస్టరింగు సగం, తీగలు బయటికి వేలాడుతున్నాయి. నేను ఒప్పుకోలేదు. ఆ కాగితం చూపించి, ఏఈ గారు సంతకం చేసినరోజే తాళం తీస్తానన్నాను. కొందరికి కోపం వచ్చింది. మీటింగు షామియానా కింద పెట్టాం. ఒక ముసలాయన, ఒకప్పుడు బేల్దారి అట, మనవరాలి చేయి పట్టుకుని రేకుల సందులోంచి లోపలికి చూసి, "తొందరపడొద్దమ్మా, నీళ్లు బాగా తాగనీ" అని చెప్పి వెళ్లాడు.

చిన్న చిన్న విషయాలు కొన్ని. గోడకు ఉన్న ఐఎఫ్‌పీ ప్యానెళ్లు (పాఠాలు చెప్పే పెద్ద టచ్ స్క్రీన్లు) ముందే దించి దుప్పట్లు చుట్టి తాళంలో పెట్టండి, దుమ్ము వాటిలోకి దూరితే బాగుచేసేవాళ్లు దొరకరు. అడ్మిషన్ రిజిస్టర్లున్న బీరువాను మాత్రం సామాన్ల అడుగున పెట్టకండి. పని జోరుగా సాగుతున్నప్పుడే ఒకాయన 1991 నాటి స్టడీ సర్టిఫికెట్ కోసం వచ్చాడు, పెన్షన్ కాగితాలకు గడువు దగ్గరపడిందట. బెంచీలన్నీ దింపి బీరువా దాకా చేరడానికి ఒక పూట పట్టింది. కూల్చిన కాంక్రీటు ఏ రోజుది ఆ రోజు తీయించండి, లేకపోతే కమ్మీ ముక్కలు పిల్లల కాళ్లకు గుచ్చుకుంటాయి.

చివరికి లెక్క చూస్తే ఎస్టిమేట్‌లో లేని ఖర్చు లక్షా ఇరవై వేలకు పైనే తేలింది. రేకులు, తాత్కాలిక బాత్రూములు, వేరే కరెంటు బోర్డు, వెనక దారి, కూలీల టిఫిను, సామాన్ల హమాలీ, రాళ్లు మట్టి తీసిన ట్రాక్టర్లు, షామియానా. అంటే అసలు ఎస్టిమేటులో దాదాపు ఎనిమిదో వంతు. పూర్వ విద్యార్థులు రెండోసారి చేయి వేయకపోతే పని మధ్యలో ఆగిపోయేది.

సంక్రాంతి సెలవుల్లో రంగులు, ఫ్యాన్లు అయ్యాయి. మేడ మీద గొట్టాలు మూసి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద ఎక్కడా చెమ్మ రాలేదని చూశాకే ఏఈ గారు సంతకం పెట్టారు. కాంట్రాక్టరు బిల్లులో కొంత ఒక వానాకాలం గడిచేదాకా ఆపి ఉంచాం, ఇది ఒప్పందంలో ముందే రాసుకున్నాం. జనవరి చివరి వారంలో పదో తరగతి పిల్లలు కొత్త గదిలోకి వెళ్లారు. మార్చి 17న పబ్లిక్ పరీక్షలు మొదలయ్యేసరికి మా బడి పరీక్షా కేంద్రంగా సిద్ధంగా ఉంది. టీసీ అడిగినవాళ్లలో ఒక్కరు తప్ప అందరూ ఇక్కడే చదువుతున్నారు.

పాత లైబ్రరీ గదికి, సైన్సు ల్యాబుకు కూడా ఇదే మరమ్మతు కావాలి. ఆ ఎస్టిమేటుకు కొలతలు తీసుకోవడానికి ఏఈ గారు వచ్చినప్పుడు మొదటి వరసలో తాత్కాలిక బాత్రూములు, రెండో వరసలో రేకుల కంచె, మూడో వరసలో వేరే కరెంటు బోర్డు రాయించాను. సిమెంటు నాలుగో వరస నుంచి మొదలవుతుంది.